చాయ్ తాగొచ్చి రాసిన రీడింగు

ముప్పై నాలుగేళ్లు నేను కొలిచాను. అంతకు మించి చేసిందేమీ లేదు. నాచారం పారిశ్రామికవాడలో ఒక పరీక్షా కేంద్రం మాది. మోటార్లు, ఆల్టర్నేటర్లు, ఫ్యాన్లు, బ్యాటరీలు మా దగ్గరికి వచ్చేవి. ఇది ఇంత పని చేస్తుందని తయారుచేసినవాడు చెప్పుకునేవాడు. అవునో కాదో మేము కొలిచి, అంకెల్లో రాసి, గుండ్రటి స్టాంపు వేసి ఇచ్చేవాళ్లం.

మొన్న ఆ ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురు ఉప్పల్లో మా ఇంటికి వచ్చారు. "సార్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అన్నారు. ఎంత పెద్ద మోటార్లు చూశాను, ఎప్పుడు ఏ పదవిలో ఉన్నాను అన్నవి రాస్తానని వాళ్లు ఎదురుచూస్తున్నట్టున్నారు. అవి రాయను. ఒక తప్పుడు రిపోర్టు గురించి రాస్తాను. అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. కింద సంతకం నాది.

మీటరు దగ్గర కూర్చోవడం

నాకు పని నేర్పింది రామ్మూర్తి గారు. కోపం ఆయనకు ముక్కు మీదే ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక మోటారును వేడి పరీక్షకు పెట్టి నేను భోజనానికి వెళ్లాను. అరగంటకోసారి రాయాల్సిన ఉష్ణోగ్రతలు తిరిగొచ్చాక అందాజాగా నింపేశాను. ఆయన వచ్చి మోటారు మీద అరచెయ్యి పెట్టారు. లాగ్ పుస్తకం చూశారు. ఆ కాగితం చింపి నా చేతిలో పెట్టారు.

"బస్తా మోస్తున్నవాడి ఆయాసం ఎప్పుడు చూడాలోయ్?" అన్నారు. "మోస్తున్నప్పుడు చూడాలి. దించేసి, మంచినీళ్లు తాగి, అరుగు మీద కూర్చున్నాక చూసి 'ఏం, కులాసాగానే ఉన్నాడుగా' అంటే వాడికి ఒళ్లు మండుతుంది. లోడు మీద ఉన్నప్పుడు చూసిందే రీడింగు. తక్కినవి కబుర్లు."

ఆ మాట నేను తర్వాత వచ్చిన కుర్రవాళ్లందరికీ చెప్పాను. చెప్పడంలో నన్ను మించినవాడు లేడు.

రామ్మూర్తి గారి తర్వాత వచ్చిన మేనేజరు పద్ధతి వేరు. "ఫారంలో అడిగినవి కొలవండి. అడగనివి మనకెందుకు?" అనేవారు. ఆ పద్ధతి వల్ల పని తొందరగా తెమిలేది. ఎవరితోనూ పేచీ ఉండేది కాదు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టేయమన్నట్టు, వచ్చినవాళ్లు ఏది కావాలంటే అది కొలిచి ఇచ్చేవాళ్లం. నా తప్పు బయటపడ్డాక చాలా రోజులు ఈయన్ని తిట్టుకున్నాను. అది కూడా న్యాయం కాదు. చాయ్ తాగి రమ్మని ఆయన నాకు చెప్పలేదు.

ఊరికే కరెంటు తెచ్చేవాళ్లు

ఈ ఉద్యోగంలో చేరిన ప్రతివాడికీ ఏదో ఒక రోజు ఫ్రీ ఎనర్జీ మనిషి తగులుతాడు. సర్కారు రైతుకిచ్చే ఉచిత కరెంటు సంగతి కాదు నేను చెప్పేది. ఒకసారి తిప్పి వదిలితే చాలు, ఏ నూనె లేకుండా, ఎండా గాలీ కూడా అక్కర్లేకుండా, తన కరెంటు తానే పుట్టించుకుని, పైగా మన ఇంటికీ ఇచ్చే యంత్రం. నా సర్వీసులో అలాంటివి ఎన్నో వచ్చాయి.

వాళ్లలో మోసగాళ్లతో పెద్ద ఇబ్బంది లేదు. ఒకాయన యంత్రాన్ని చెక్క బల్లకు బిగించి తెచ్చి, బల్ల కదిలిస్తే శక్తి చెదిరిపోతుందన్నాడు. మేము నలుగురం కలిసి బల్ల ఎత్తాం. అడుగున బ్యాటరీ ఉంది. ఆయనే మాతోపాటు నవ్వి, సామాను సర్దుకుని వెళ్లిపోయాడు.

కష్టమంతా నమ్మినవాళ్లతోనే. వాళ్లు బాగా వాదిస్తారు. ఎండ ఊరికే రావట్లేదా? గాలిని ఎవరు తోస్తున్నారు? మనిషి గాలిలో ఎగరలేడని ఒకప్పుడు చదువుకున్నవాళ్లు అనలేదా? ఇవి తెలివితక్కువ ప్రశ్నలు కావు. ఎండ మనకు ఊరికే వస్తుంది, నిజమే. కానీ అక్కడ సూర్యుడు మండుతున్నాడు, ఇక్కడికి అది వస్తోంది. కుండలో ఉన్న నీళ్లే చెంబులోకి వస్తాయి. ఒంపేటప్పుడు కాసిని ఒలుకుతాయి కూడా. పెట్టినదానికంటే ఎక్కువ ఇచ్చే యంత్రం లేదు, ఉండదు. ఈ విషయంలో నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు.

అయితే నా జబ్బంతా ఆ నమ్మకంలోనే ఉంది. అది పనిచేయదని నాకు ముందే తెలుసు కాబట్టి, ఆ యంత్రాన్ని సరిగా కొలవాల్సిన పని లేదనుకున్నాను. మిగతా మోటారు ఏది వచ్చినా రెండుసార్లు చూసేవాణ్ని. వీళ్ల యంత్రం వస్తే ఒకసారి కూడా చూసేవాణ్ని కాదు. సాధ్యం కాదని చెప్పడం ఎవరికైనా వచ్చు. ఎందుకు కాదో అవతలివాడి కళ్లకు కనిపించేలా కొలవడానికే మనకు ఉద్యోగం ఇచ్చారు.

యాదగిరి యంత్రం

యాదగిరి మోటార్ వైండింగ్ మెకానిక్. జనగామ వైపు నుంచి వచ్చి నాచారంలో ఒక సందులో షటర్ అద్దెకు తీసుకుని షాపు పెట్టుకున్నాడు. ల్యాబ్‌లో కాలిపోయిన మోటార్లు ఆయనకే పంపేవాళ్లం. ఆయన చుట్టిన కాయిల్ చూస్తే తల్లి కూతురికి జడ వేసినట్టు ఉండేది. ఒక్క తీగ పక్కకు పోయేది కాదు. నా కంటే రెండేళ్లు పెద్ద. ఆయన నన్ను సార్ అనేవాడు, నేను ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాణ్ని. అలా ఎందుకు అని ఎప్పుడూ అనుకోలేదు.

ఒకరోజు పొద్దున ట్రాలీ ఆటోలో యంత్రం దింపాడు. లారీ బ్యాటరీ, దానికో మోటారు, మోటారుకు చెరుకురసం మిషన్ నుంచి తీసిన పెద్ద ఇనుప చక్రం, ఆ చక్రానికి బెల్టుతో, తిప్పితే కరెంటు పుట్టించే పాత ఆల్టర్నేటరు. ఆల్టర్నేటరు నాలుగు బల్బులు వెలిగిస్తుంది. మిగిలిన కరెంటు చార్జర్ గుండా మళ్లీ బ్యాటరీలోకే పోతుంది. అంటే బ్యాటరీ తనను తాను నింపుకుంటూ బల్బులూ వెలిగించాలి.

"సార్, జర మంచిగ సూడున్రి" అన్నాడు. "అందరు నవ్వుతున్నరు. నవ్విన నాపచేనే పండుతదంటరు గద."

"ఫారం నింపావా?" అన్నాను.

నింపాడు. మూడే అడిగాడు. బల్బులకు వెళ్లే పవర్ ఎంత, పరీక్షకు ముందు బ్యాటరీ వోల్టేజి ఎంత, పరీక్ష తర్వాత ఎంత. గడుసుతనంతో అలా అడగలేదు. ఆయనకు తోచినవి అవే. పరీక్ష జరుగుతున్నంతసేపూ వోల్టేజి రాయాలి, బ్యాటరీ నుంచి బయటికి పోతున్నదీ లోపలికి వస్తున్నదీ విడివిడిగా కొలవాలి అని నేను చెప్పాలి. చెప్పలేదు. ఫారంలో లేదు కదా.

ముందు వోల్టేజి చూశాను. పన్నెండు పాయింట్ ఏడు. యంత్రం నడిపాం. బల్బులు నాలుగూ బాగా వెలిగాయి. పావుగంటయ్యేసరికి టైము పదకొండైంది. మా ల్యాబ్‌లో పదకొండింటి చాయ్ అంటే పెళ్లి పిలుపు లాంటిది, ఎవరూ ఆగరు. స్విచ్ ఆపేశాం. "నువ్వు ఇక్కడే ఉండు, వచ్చి కొలుస్తాం" అని యాదగిరికి చెప్పి క్యాంటీన్‌కు వెళ్లాం.

క్యాంటీన్‌లో నేను యాదగిరినయ్యాను. మాది కృష్ణా జిల్లా. ఈ ఊరికి వచ్చి ఇరవై ఏళ్లు దాటినా ఇక్కడి మాట నాకు నవ్వులాటకే పనికొచ్చేది. చెయ్యి గిరగిరా తిప్పుతూ "గీ చక్రం తిరుగుతనే ఉంటది సార్, మా మునిమనుమల జమాన దాక తిరుగుతది" అన్నాను. ముక్కు ఎగబీల్చడం కూడా ఆయనలాగే చేశాను. తోటి ఇంజనీర్లు ముగ్గురికీ పొలమారింది. ఇంకోసారి చెయ్యమన్నారు. చేశాను. నాకు తిండి పెట్టిన ఊరి మాటను, నా పని ఏళ్ల తరబడి చేసిపెట్టిన మనిషి గొంతులో పలికి నవ్వించాను. సిగ్గుమాలిన పని. అప్పుడు సిగ్గేయలేదు.

ఇరవై నిమిషాల తర్వాత వచ్చి బ్యాటరీ కొలిచాను. పన్నెండు పాయింట్ ఆరు. రాశాను.

బ్యాటరీ సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. పని చేస్తున్నప్పుడు దాని వోల్టేజి కిందికి దిగుతుంది. పని ఆపి కాసేపు వదిలేస్తే, కొత్తగా ఏమీ నింపకపోయినా, వోల్టేజి మళ్లీ పైకి లేస్తుంది. లోపలి శక్తి తిరిగి రాదు, అంకె మాత్రం వస్తుంది. రామ్మూర్తి గారు చెప్పిన బస్తా మనిషే. ఇది నాకు తెలుసు. తెలిసీ "పరీక్ష తర్వాత" అన్న గడిలో ఆ అంకె వేశాను. తర్వాత అంటే తర్వాతే కదా, చాయ్ తర్వాతైతే ఏం?

"గంతనే తగ్గిందా సార్?" అన్నాడు యాదగిరి.

"అంతే."

"పావుగంట నాలుగు బల్బులు ఎలిగినంక గుడ?"

"అక్కడ రాశాను కదా."

రిపోర్టును రెండు చేతులతో తీసుకున్నాడు. వెళ్లబోతూ ఆగి, "ఇంకేమన్న జెప్తరా సార్, ఎట్ల జేస్తె ఆ జరంత గుడ తగ్గకుంట ఉంటది?" అని అడిగాడు. నా పక్కనున్నవాళ్లు మొహాలు తిప్పుకుని నవ్వు ఆపుకుంటున్నారు. వాళ్ల కోసమే, "బేరింగులు మంచివి వెయ్యి యాదగిరీ" అన్నాను. ఆయన తల ఊపి, జేబులోంచి పెన్ను తీసి అది రిపోర్టు వెనక రాసుకున్నాడు.

మళ్లీ చూసినప్పుడు

ఆ తర్వాత యాదగిరి ల్యాబ్ పనికి రావడం తగ్గింది. వేరే మెకానిక్‌ను చూసుకున్నాం. పదకొండేళ్లు గడిచాయి. నేను రిటైరయ్యాను.

ఈ మధ్య మా అపార్టుమెంటు బోరు మోటారు కాలిపోయింది. మంచి వైండర్ కావాలంటే నాకు యాదగిరే గుర్తొచ్చాడు. ఆటో ఎక్కి నాచారం వెళ్లాను. షటర్ బయట స్టూలు మీద ఆయన భార్య పద్మ కూర్చుని ఫ్యాన్ కాయిల్ చుడుతోంది. వేళ్లకు రాగి తీగ కోతలు. ఇద్దరు పనివాళ్లు ఉండేవారు, వాళ్లు లేరు. లోపల సగం జాగా ఆ చక్రానిదే. ఇప్పుడు ఇంకా పెద్దది. గోడ మీద ప్లాస్టిక్ కవర్ వేయించిన నా రిపోర్టు. స్టాంపు రంగు వెలిసింది, నా సంతకం వెలవలేదు.

"మీరేనా సార్ గీ సంతకం పెట్టింది?" అంది పద్మ.

"నేనే అమ్మా."

ఆమె చుట్టడం ఆపలేదు. "మా అన్నదమ్ములు ఒద్దన్నరు. ఇంజనీరింగ్ సదివిన మా అల్లుడు గుడ గిది కాదు మామ అన్నడు. ఎవ్వలొచ్చినా గీ కాయితం సూపెడ్తడు. పెద్ద ల్యాబోళ్లు కొలిసి ఇచ్చిన్రు, మీకేం తెల్సు అంటడు. ఆయన మోటర్లు పట్టుడు బంద్ జేసి నాలుగేండ్లాయె. నేనే నేర్సుకున్న. గీ నెలాఖరుకు షటర్ గుడ ఖాళీ జేస్తడట. నారపల్లిల మా మరిది ప్లాట్ల షెడ్డు ఏసి పెద్ద మిషన్ జేస్తడట." తీగ తెంపి, మొదటిసారి నా వైపు చూసింది. "మీ మాట ఇంటడు సార్. ఏదన్న ఉంటె ఇప్పుడే జెప్పున్రి."

అంతలో యాదగిరి వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి ఆయన పడిన సంతోషం చూడలేకపోయాను. కుర్చీ తుడిచి వేశాడు. "మీరన్నట్టె బేరింగులు మార్చిన సార్. ఆరుసార్లు మార్చిన. గిప్పుడు చెయ్యి పెడితె సప్పుడు గుడ రాదు."

చెయ్యి పెట్టి చూశాను. నిజంగానే చప్పుడు లేదు. అంత నున్నగా తిరిగే చక్రాన్ని నేను ల్యాబ్‌లో కూడా చూడలేదు. "బాగుంది యాదగిరీ" అన్నాను. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు, పద్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. నేను నా బోరు మోటారు సంగతి మాట్లాడి, ఇచ్చిన చాయ్ తాగి, ఆటో ఎక్కి వచ్చేశాను.

పిరికితనం అనే మాట మనం ఎదుటివాళ్లకు సులువుగా వాడతాం. ఆ రోజు నాది అదే. మూడు రోజులు ఇల్లు కదలలేదు. చెబితే ఆయన గుండె పగులుతుందేమోనని భయపడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అసలు భయం అది కాదు. ఆయన ముందు నేను ఏమవుతానో అని.

రెండో పరీక్ష

నాలుగో రోజు పొద్దున మీటరు తీసుకుని వెళ్లాను. "యాదగిరీ, నా రిపోర్టు మీద నాకే నమ్మకం లేదు. మళ్లీ కొలుద్దాం" అన్నాను.

కోప్పడతాడనుకున్నాను. "కొలుద్దం సార్, దానికేంది" అన్నాడు.

ఈసారి మీటరు నేను పట్టుకోలేదు. ఆయన చేతికిచ్చాను. ఐదు నిమిషాలకోసారి ఆయనే చూసి, ఆయనే రాయాలన్నాను. పిల్లలూ, ఈ వ్యాసంలో మీకు పనికొచ్చే ముక్క ఏదైనా ఉంటే ఇదొక్కటే. నమ్మినవాడితో వాదించకండి. మీటరు అతని చేతికిచ్చి పక్కన కూర్చోండి.

మొదట పన్నెండు పాయింట్ ఏడు. చక్రం తిరిగి బల్బులు వెలగగానే పన్నెండు పాయింట్ ఒకటికి పడింది. యాదగిరి రాశాడు. తర్వాత పన్నెండు. తర్వాత పదకొండు పాయింట్ తొమ్మిది. ఆయన రాస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ కాస్త తగ్గుతోంది, ఒక్కసారీ పెరగలేదు. ముప్పావుగంట దాటాక చక్రం వేగం తగ్గింది, బల్బులు ఎర్రబడ్డాయి. పదకొండు పాయింట్ నాలుగు. ఆపమన్నాను. ఆపాడు.

"లేవకు. అలాగే మీటరు చూస్తూ ఉండు."

ఇద్దరం చూశాం. పద్మ కూడా స్టూలు మీది నుంచి లేచి వచ్చి మా వెనక నిలబడింది. ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. అంకె మెల్లగా పైకి పాకడం మొదలుపెట్టింది. పదకొండు పాయింట్ ఎనిమిది. పన్నెండు. పన్నెండు పాయింట్ రెండు. ఇరవై నిమిషాలు అలాగే కూర్చున్నాం.

జీవితమంతా కాయిల్స్‌తో బతికిన మనిషికి వివరించాల్సిన పని లేదు. "ఉత్తగనే ఎక్కుతుంది" అన్నాడు.

"అవును. లోపల నిండి కాదు. అలసట తీరి."

"అయితె అప్పుడు మీరు రాసిన పన్నెండు పాయింట్ ఆరు?"

"ఆపేసి, చాయ్ తాగొచ్చి కొలిచాను."

యాదగిరి మీటరు తీగలు విప్పి, చుట్ట చుట్టి, నా సంచిలో పెట్టాడు. తర్వాత పద్మతో, "ఓనర్‌కు ఫోన్ జెయ్యి. షటర్ ఖాళీ జేస్తలేమని జెప్పు" అన్నాడు. ఆమె ఫోన్ తీసుకుని బయటికి వెళ్లింది. గుమ్మం దాటాక కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం చూశాను.

అప్పుడైనా లేచి రావాల్సింది. కానీ సగం చెప్పి వస్తే మళ్లీ నిద్ర పట్టదనిపించింది. "ఇంకొకటి ఉంది యాదగిరీ. ఆ రోజు క్యాంటీన్‌లో నీ గురించి..."

"ఎరుకే సార్."

"ఎలా తెలుసు?" అన్నాను.

"కిటికీలకెళ్లి బ్యాటరీ మీద ఎండ పడుతుండె. పక్కకు జరపాల్నా అని అడుగుదమని ఒచ్చిన. తలుపు కాడ నిలబడ్డ. మీరు నా లెక్కనె మాట్లాడుతున్నరు. మస్తు నవ్విన్రు అందరు. మల్ల మెల్లగ ఎనుకకు పోయిన."

"విని కూడా, ఆ కాగితాన్ని ఎందుకు నమ్మావు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "నవ్వితె ఏమాయె సార్? అందరు నవ్వుతనే ఉండె. నవ్వుడు ఏరు, పని ఏరు. నన్ను సూసి నవ్వుతరు గని, అంకె మటుకు సక్కగ రాస్తరనుకున్న."

బయట పద్మ ఫోన్లో మాట్లాడుతోంది. యాదగిరి తాను రాసిన కాగితం తీసి మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదివాడు. గోడ మీది నా రిపోర్టు వైపు ఒకసారి చూశాడు. గొంతులో కోపం లేదు, పనివాడు పనివాణ్ని అడిగినట్టే అడిగాడు.

"ఆ దినం స్విచ్ బంద్ జేసెటప్పుడు బ్యాటరీ ఎంతుండె సార్?"

"చూడలేదు" అన్నాను.